పెద్ద సంఖ్యల్ని రౌండ్ చేయమంటే పిల్లలు ఎక్కడ తడబడతారు? ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయించాలి?

మీ ప్రశ్న చదివానండి. నాలుగో తరగతి చదివే మీ పాప "ఈ సంఖ్యలో 7 స్థానవిలువ ఎంత?" అంటే టక్కున చెప్తోంది, "కుడి పక్క అంకె 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఒకటి కలపాలి" అన్న రూల్ కూడా అప్పజెప్తోంది, తీరా అయిదారు అంకెల సంఖ్యని దగ్గరి వెయ్యికో పదివేలకో సవరించమంటే, అంటే రౌండ్ చేయమంటే, ఒక్కోసారి ఒక్కో రకం తప్పు చేస్తోంది, పరీక్ష అంటే టెన్షన్ పడుతోంది అని రాశారు. ఇంకా ఎన్ని వర్క్‌షీట్లు చేయించాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా ప్రైమరీ పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. మీ పాపలాంటి పిల్లలు ప్రతి క్లాసులోనూ కనిపిస్తారు. రూల్ ఇంకో పదిసార్లు చెప్పడం వల్ల వాళ్లకి పెద్దగా ఉపయోగం ఉండదు. స్థానవిలువలో ఒక ముఖ్యమైన ముక్క అర్థం కాకుండా మిగిలిపోయి ఉంటుంది. రౌండింగ్ దగ్గరికి వచ్చేసరికి అది బయటపడుతుంది.

ముందు మీరే ఒకసారి చూసుకోండి. కాగితం మీద 47,362 అని రాసి, "ఇందులో మొత్తం ఎన్ని వందలు ఉన్నాయి?" అని అడగండి. చాలామంది పిల్లలు "మూడు" అంటారు. వందల స్థానంలో ఉన్న అంకె మూడే, ఆ మాట నిజమే. కానీ మనం అడిగింది ఆ సంఖ్య మొత్తంలో ఎన్ని వందలు ఉన్నాయని. ఒక వెయ్యిలో పది వందలు ఉంటాయి కాబట్టి 47 వేలలో 470 వందలు, ఆ పక్కన ఇంకో మూడు, మొత్తం 473 వందలు. ఈ జవాబు రాని పాపకి దగ్గరి వందకు సవరించడం అంటే ఏం చేయాలో నిజంగా తెలియదు. అంకెల మీద ఏవో మార్పులు చేయాలని మాత్రమే తెలుసు.

దీని మూలం ఇంకా చిన్న సంఖ్యల్లోనే ఉంటుంది. రెండో తరగతి పిల్లల ముందు పదహారు గుండీలు పెట్టి లెక్కపెట్టించండి. 16 అని రాయించండి. 6 మీద వేలు పెట్టి "ఇది ఏ గుండీలు, చూపించు" అంటే ఆరు గుండీలు పక్కకి జరుపుతారు. తర్వాత 1 మీద వేలు పెట్టి అదే అడగండి. చాలామంది ఒక్క గుండీ తీసి చూపిస్తారు. అప్పుడు మధ్యలో తొమ్మిది గుండీలు మిగిలిపోతాయి. "మరి ఇవి ఎక్కడివి?" అని అడిగితే కొందరు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు, కొందరు మన మొహంలోకి చూస్తారు. ఆ 1 అంటే పది గుండీలు అని అదే పిల్లవాడు నోటితో చెప్పగలడు, "1 స్థానవిలువ పది" అని. చేతికి వచ్చేసరికి అది ఒకటే అవుతుంది. నాలుగో తరగతికి వచ్చినా కొందరిలో ఈ ఖాళీ అలాగే ఉంటుంది. మీ పాపతో కూడా ఒకసారి చేసి చూడండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పదిని ఒకే ముద్దగా చూడటం చిన్న పిల్లలకి నిజంగానే కష్టమైన విషయం, అందుకే పుల్లలు పదేసి కట్టలు కట్టించడం, పది కట్టలు కలిపి వందకట్ట చేయించడం లాంటివి చేయిస్తాం. అక్కడ తడబడితే రెండు మూడు రోజులు కట్టలతోనే గడపండి, తొందరేమీ లేదు.

అది బాగానే వస్తే నేరుగా పెద్ద సంఖ్యలకి రావచ్చు. నేను చేయించేది చాలా సులువైన పని. సంఖ్య రాసి, కుడి వైపు అంకెల్ని అరచేత్తో మూయించడం. 47,362లో చివరి మూడు అంకెలు మూస్తే 47 కనిపిస్తుంది: 47 వేలు. రెండు మూస్తే 473 వందలు. ఒకటి మూస్తే 4,736 పదులు. నాలుగు మూస్తే 4 పదివేలు. ఒకే సంఖ్య ఇన్ని రకాలుగా కనపడుతుందని తెలిసేసరికి పిల్లల మొహాలు వెలిగిపోతాయి, ఆ క్షణం నాకు ఎప్పుడూ ఇష్టమే. రోజుకో నాలుగైదు సంఖ్యలు ఇలా మూస్తూ తెరుస్తూ "ఎన్ని వేలు, ఎన్ని వందలు, ఎన్ని పదులు" అని నోటితో చెప్పించండి. ఈ వారమంతా రౌండింగ్ మాటే ఎత్తకండి.

తర్వాత రౌండింగ్. రూల్ పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అలవాటు చేయండి. ఈ సంఖ్య ఏ రెండింటి మధ్య ఉంది? ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉండే సంఖ్య ఏది? మన సంఖ్య ఆ నడిమి సంఖ్యకి ఇటు ఉందా, అటు ఉందా? 47,362ని దగ్గరి వెయ్యికి సవరించాలంటే మూడు అంకెలు మూస్తాం. 47 వేలు ఉన్నాయి, ఇంకొంచెం ఉంది. అంటే 47 వేలకీ 48 వేలకీ మధ్య ఎక్కడో ఉంది. నడుమ 47,500. మనది దానికంటే తక్కువ, కాబట్టి 47,000కే దగ్గర. ఒక గీత గీసి, రెండు చివర్లా ఆ రెండు సంఖ్యలూ, మధ్యలో నడిమి సంఖ్యా రాయించి, మన సంఖ్య సుమారుగా ఎక్కడ వస్తుందో చుక్క పెట్టించండి. కొలతలు కచ్చితంగా ఉండక్కర్లేదు.

ఈ పద్ధతి ఎంత పనికొస్తుందో 3,97,862 లాంటి సంఖ్య దగ్గర తెలుస్తుంది. దీన్ని దగ్గరి పదివేలకు సవరించమంటే రూల్ మాత్రమే తెలిసిన పాప పదివేల స్థానంలోని 9 చూస్తుంది, పక్కన 7 చూస్తుంది, 9కి ఒకటి కలుపుతుంది, పది వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. కొందరు 9 తీసేసి 10 రాసి 3,10,0000 లాంటిదేదో తయారు చేస్తారు, కొందరు 9ని సున్నా చేసి 3,00,000 అంటారు. అదే నాలుగు అంకెలు మూసిన పాపకి 39 కనిపిస్తుంది. 39 పదివేలు. తర్వాతది 40 పదివేలు. నడుమ 3,95,000. మనది దాటేసింది కాబట్టి 40 పదివేలు, అంటే 4,00,000. ఇక్కడ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన రూల్ ఏదీ లేదు.

ఇంకో రెండు తప్పులు మీ పాప పుస్తకంలో వెతకండి. ఒకటి, "కిందికి సవరించాలి" అన్నప్పుడు అంకెలోంచి ఒకటి తీసేయడం: 6,321ని దగ్గరి వెయ్యికి సవరించి 5,000 అని రాయడం. పైకి అంటే ఒకటి కలుపుతున్నాం కదా, కిందికి అంటే ఒకటి తీసేయాలని పిల్లలు అనుకోవడంలో వాళ్ల తర్కం వాళ్లకుంది. గీత గీస్తే 6,321 ఆరు వేలకీ ఏడు వేలకీ మధ్యన ఉంటుంది, 5,000 ఆ గీత మీదే లేదు, వాళ్లే చూసుకుంటారు. ఇంకోటి, చివరి నుంచి ఒక్కో స్థానం సవరించుకుంటూ రావడం. 3,449ని దగ్గరి వెయ్యికి సవరించమంటే ముందు 3,450 చేసి, దాన్ని 3,500 చేసి, చివరికి 4,000 అంటారు. సరైన జవాబు 3,000. నడుమ ఉన్నది 3,500, మన 3,449 దాన్ని దాటలేదు. ఇది తెలివైన పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, పద్ధతిగా చేశామనే నమ్మకంతో చేస్తారు. వెంటనే కొట్టేయకుండా గీత మీద చుక్క పెట్టమనండి.

మరి సరిగ్గా నడిమికే పడితే? 47,500 రెండు వైపులకీ సమాన దూరం. అక్కడ "పైకి వెళ్లాలని అందరం ఒప్పుకున్నాం" అని ఉన్నదున్నట్టు చెప్పండి. అది ఒక ఒప్పందమే. లెక్కల్లో ఇంకో ఒప్పందం కూడా వాడకంలో ఉంది, నడుమ పడితే సరిసంఖ్య వైపుకి సవరిస్తారు. పాపకి అదంతా అక్కర్లేదు గానీ, 47,500 అనేది 48,000కి "దగ్గర" అని అబద్ధం చెప్పకండి. ఆలోచించే పిల్లలు అక్కడే గందరగోళపడతారు.

సున్నాల సంగతి వేరే చెప్పాలి. "నాలుగు లక్షల ఏడు వేల ముప్పై" అని డిక్టేషన్ ఇచ్చి చూడండి. కొందరు 4,730 అని రాస్తారు. కొందరు విన్నది విన్నట్టు 4,00,000 రాసి, పక్కనే 7,000, దాని పక్కన 30 అతికించేస్తారు. దీనికి కాగితం పట్టీలంత మంచి మందు నేను చూడలేదు. గళ్ల కాగితం మీద 4,00,000ని ఆరు గళ్లలో, 7,000ని నాలుగు గళ్లలో, 30ని రెండు గళ్లలో, కామాలు లేకుండా రాసి కత్తిరించండి. కుడి అంచులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పేర్చితే పైన కనిపించేది 407030. తీస్తే మళ్లీ విడివిడిగా 4 లక్షలు, 7 వేలు, 30. విస్తరణ రూపం అని పుస్తకంలో ఉండేది ఇదే. పట్టీలు పాపతోనే తయారు చేయించండి, సగం పాఠం అక్కడే అయిపోతుంది.

కామాల గురించి ఒక్క మాట. లక్షల పద్ధతిలో కుడి నుంచి ముందు మూడు అంకెలకి, తర్వాత రెండేసి అంకెలకి కామా. మిలియన్ల పద్ధతిలో ప్రతి మూడు అంకెలకి. స్థానాలు అవే, పది లక్షలన్నా ఒక మిలియన్ అన్నా ఒకటే. ఈ రెండూ ఒకే రోజు చెప్పకండి, అంతే.

ఆటల్లో నాకు బాగా పనికొచ్చింది ఇది: 0 నుంచి 9 వరకు అంకెలు రాసిన చీటీలు బోర్లించి పెట్టండి. ఇద్దరూ చెరో ఆరు గళ్లు గీసుకోవాలి. ఒకరి తర్వాత ఒకరు చీటీ తీసి, వచ్చిన అంకెని తన గళ్లలో ఎక్కడో ఒకచోట వెంటనే రాసేయాలి, చీటీని మళ్లీ కలిపేయాలి. రాసింది మార్చకూడదు. చివరికి పెద్ద సంఖ్య ఎవరిదైతే వాళ్లు గెలిచినట్టు. 6 వస్తే లక్షల గడిలో పెట్టాలా, 9 కోసం ఆగాలా అని పాప ఆలోచిస్తున్నప్పుడు స్థానవిలువ దానంతటదే పని చేస్తుంటుంది. అలవాటయ్యాక "5,00,000కి ఎవరు దగ్గర?" అని ఆడండి, అది రౌండింగ్‌కి నేరుగా దారి తీస్తుంది. క్యాలిక్యులేటర్ ఉంటే 5,83,264 కొట్టి, "ఒకే తీసివేతతో ఆ 8ని సున్నా చెయ్" అనండి. 8 తీసేసి చూస్తుంది, పని కాదు. 80,000 తీసేయాలని తెలుసుకున్న పిల్లలు మళ్లీ ఆ తప్పు చేయడం అరుదు.

సంఖ్యలు ఊరికే కల్పించకుండా నిజమైనవి ఇవ్వండి. చంద్రుడు మన నుంచి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. దగ్గరి పదివేలకు అయితే 3,80,000, దగ్గరి లక్షకి అయితే 4,00,000. ఒకే సంఖ్యకి రెండు జవాబులు, రెండూ సరైనవే. కాంతి సెకనుకి 29,97,92,458 మీటర్లు వెళ్తుంది. ఏడు అంకెలు మూస్తే 29 కోట్లు కనిపిస్తాయి. మూసిన దాంట్లో 97 లక్షల పైచిలుకు ఉంది, కాబట్టి దగ్గరి కోటికి అయితే 30 కోట్లు. ఎవరెస్టు ఎత్తు 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. లెక్క సరిగ్గా 29,000 వచ్చిందనీ, అలా చెప్తే జనం ఉజ్జాయింపు అనుకుంటారని రెండు అడుగులు కలిపారనీ ఒక కథ చెప్పుకుంటారు. పిల్లలకి ఈ కథ భలే నచ్చుతుంది. చివర సున్నాలున్న సంఖ్య కనిపిస్తే "ఇది కొలిచిందా, సవరించిందా?" అని అడగడం మొదలుపెడతారు.

లక్ష, కోటి అన్న మాటలకి బరువు తెలియడానికి సెకన్లు వాడండి. వెయ్యి సెకన్లంటే 16 నిమిషాల 40 సెకన్లు. లక్ష సెకన్లంటే ఒక రోజు దాటి దాదాపు నాలుగు గంటలు. కోటి సెకన్లంటే సుమారు 116 రోజులు. ముందు పాపని ఊహించమని, తర్వాత కలిసి లెక్క కట్టండి.

ఇక వర్క్‌షీట్లు. రోజుకి పది పదిహేను నిమిషాలు చాలు. నాలుగు లెక్కలు గీత గీసి చేయించండి, అయిదోది తిరగేసి అడగండి: "ఒక సంఖ్యని దగ్గరి వెయ్యికి సవరిస్తే 8,000 వచ్చింది. ఆ సంఖ్య ఏమై ఉండొచ్చు?" మొదట 8,100 అనో 7,900 అనో చెప్తుంది. "ఇంకా చిన్నది ఉందా? ఇంకా పెద్దది ఉందా?" అని అడుగుతూ వెళ్లండి, జవాబు మీరు చెప్పకండి. అన్నిటికన్నా చిన్నది 7,500, పెద్దది 8,499 అని తనే తేల్చి, 8,500 ఎందుకు కుదరదో మీకు వివరించగలిగితే ఆ టాపిక్ వర్క్‌షీట్లు ఇక పక్కన పెట్టేయొచ్చు.