బంగారుపాళ్యం తోటకి ఏ చైన్ సా మేలంటే

అన్నా, మామిడి కొమ్మలకీ, ఎండిపోయిన చింతమాన్లకీ స్టిల్ కంపెనీ ఎంఎస్ 261 చైన్ సా (పెట్రోల్‌తో నడిచే రంపం) తీసుకునేదా, హస్క్‌వర్నా కంపెనీ 550 ఎక్స్‌పీ మార్క్ 2 తీసుకునేదా అని అడిగినారు కదా, పవర్‌లో రెండూ ఒకటే, 50 సీసీ, 3 కిలోవాట్లు. బార్ (చైన్ తిరిగే పొడుగు పట్టీ), చైన్ లేకుండా స్టిల్ 4.9 కేజీలు, హస్క్‌వర్నా 5.3, ఆ మాత్రం తేడా ఏముందిలే అనుకుంటాం గానీ సాయంత్రానికి భుజం చెప్తుంది. నా ఓటు స్టిల్‌కే. కానీ చిత్తూర్లో దేనికి స్పేర్లు దొరుకుతాయో ముందు కనుక్కోండి, అసలు లెక్క అదే.

ఇంక మీ పాత మిషన్ చింతమాన్లో ఆగిపోతా ఉందన్నారే, దాన్ని అప్పుడే పారేయబాకండి. రాలే పొట్టు చూడండి, చిన్న చిన్న చెక్కులుగా పడితే చైన్ పదునుగా ఉన్నట్టు, పిండి మాదిరి పడితే మొద్దుబారినట్టు, ఆకురాయి పట్టించాల్సిందే. నాది పోయినేడు ఇట్నే మొరాయిస్తే కార్బొరేటర్ పోయిందని రెండ్రోజులు తిరిగినా, తీరా చూస్తే ఎయిర్ ఫిల్టర్ నిండా పొట్టు! పెట్రోల్ లీటరుకి మంచి టూ స్ట్రోక్ ఆయిల్ 20 ఎంఎల్, అదీ కొలిచి పోయండి, అందాజుగా వద్దు. ఏది కొన్నా చెట్టెక్కి ఒంటిచేత్తో మాత్రం కొయ్యబాకండి సామీ.