పిల్లలకు సైట్ పెరుగుతుంటే కళ్లజోడు తీయించాలా?

మీ అబ్బాయికి తొమ్మిదేళ్లనీ, పది నెలల్లో పవర్ మైనస్ 1.5 నుంచి మైనస్ 2.25కు పెరిగిందనీ రాశారు. కళ్లజోడు అలవాటైతే సైట్ ఇంకా పెరుగుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని, బడిలో తప్ప మిగతా వేళల్లో జోడు తీయించవచ్చా అని అడిగారు. దయచేసి తీయించకండి. ఇదే పొరపాటును నేను మా అమ్మాయి విషయంలో ఏడాది పాటు చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2021లో, చదువంతా సెల్‌ఫోన్‌లో సాగుతున్న రోజుల్లో, ఏడేళ్ల మా పాప టీవీకి బాగా దగ్గరగా జరిగి కూర్చోవడం, దూరంగా ఉన్న బోర్డులను కళ్లు చిట్లించి చూడడం గమనించి పరీక్ష చేయిస్తే మైనస్ 1.25 అని తేలింది. మా అత్తగారు "ఇంత చిన్న ఆడపిల్లకు కళ్లజోడేమిటి, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమంటారు?" అని బాధపడ్డారు. ఆవిడ మాట కాదనలేకపోవడం ఒక కారణమైతే, నా మనసులోనూ అదే భయం ఉండడం అంతకన్నా పెద్ద కారణం. జోడును బీరువాలో పెట్టి, వారానికి మూడు రోజులు పొన్నగంటికూర వండిపెట్టాను. ఏడాది తిరిగేసరికి మైనస్ 2.25 అయింది. తరగతిలో బోర్డు కనబడక పక్కనున్న పిల్ల నోట్సు చూసి రాసుకుంటున్నానని పాప ఆ రోజు డాక్టరు గారికి చెబుతుంటే విన్నాను. అంతవరకు ఆ సంగతి నాకు తెలియదు.

డాక్టరు గారు అప్పుడు బొమ్మ గీసి వివరించారు. పెద్దవాళ్లలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 23, 24 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. హ్రస్వదృష్టి, అంటే మనం సైట్ అనేది, ఉన్న పిల్లల్లో అది అవసరానికి మించి సాగుతుంది గనుక దూరపు వస్తువుల బింబం కంటి వెనక ఉండే రెటీనా పొర మీద పడకుండా దానికి ముందే ఏర్పడుతుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే దాదాపు రెండున్నర, మూడు పవర్ పెరిగినట్లే. కళ్లజోడు ఆ బింబాన్ని సరైన చోటికి చేరుస్తుందే తప్ప కనుగుడ్డును సాగదీయదు. పిల్లలు ఎదిగే వయసులో కన్నూ సాగుతుంది, అదే వయసులో జోడూ వస్తుంది కాబట్టి మనం ఒకదాన్ని మరొకదానికి కారణం అనుకుంటాము. మలేషియాలో కొందరు పిల్లలకు కావాలని తక్కువ పవర్ అద్దాలు ఇచ్చి చూస్తే, పూర్తి పవర్ పెట్టుకున్నవారికన్నా వారికే సైట్ వేగంగా పెరిగిందని 2002లో వెలువడిన ఫలితాలు చూపాయి.

పొన్నగంటికూర మంచి ఆహారమే, దాన్ని మానవలసిన పనిలేదు. ఆకుకూరలు, బొప్పాయి, క్యారెట్ వంటివాటి నుంచి అందే విటమిన్ ఎ రేచీకటి రాకుండా కాపాడుతుంది. అయితే సాగిన కనుగుడ్డును ఏ కూరా వెనక్కి తేలేదు. తేనె, ఆకు పసరు వంటివి మాత్రం కంట్లో ఎన్నడూ వేయకండి, నల్లగుడ్డుకు పుండు పడితే చూపే పోవచ్చు.

మనం పిల్లలకు ఇవ్వకుండా పోయింది పగటి వెలుతురు. నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇదే. బాగా వెలిగే గదిలోనూ వెలుతురు 300 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించడం అరుదు, ఆరుబయట పగటిపూట అది 10,000 లక్స్ దాటుతుంది, చెట్టు నీడలోనూ గదిలోకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ వెలుతురుకు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు సాగడాన్ని అదుపు చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరు బడుల పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్లలో వారిలో 30.4 శాతం మందికి సైట్ వచ్చింది, మామూలుగా నడిచిన మరో ఆరు బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. తైవాన్ 2010 నుంచి బడిపిల్లలకు రోజుకు 120 నిమిషాలు బయట గడిపే కార్యక్రమం పెట్టాక, ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన చూపు సమస్య తగ్గుముఖం పట్టింది. ఆ దేశంలో, సింగపూర్‌లో స్మార్ట్‌ఫోన్లు రాకముందే పిల్లల్లో సైట్ విపరీతంగా ఉండేదన్న విషయం మనం గుర్తుంచుకోవాలి. ఫోన్ తీసేసుకుని, ఆ చేతిలోనే పుస్తకం పెట్టి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెడితే కంటికి కలిగే ఉపశమనం చాలా కొద్ది. ఆటస్థలం లేని బడులను మనమే డబ్బు కట్టి ఎంచుకుంటున్నామన్న బాధ నన్ను వదలడం లేదు.

అయితే వెలుతురు సైట్ రాకుండా ఆపడంలో చేసినంత మేలు, వచ్చిన సైట్‌ను నిలపడంలో చేయదు. అందుకే మీరు ఇంటి జాగ్రత్తలతో సరిపెట్టకుండా పిల్లల కంటి వైద్యులను కలవాలి. మా పాపకు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు రాత్రి పడుకునే ముందు వేయమన్నారు, హ్రస్వదృష్టిని నెమ్మదింపజేసే ప్రత్యేకమైన అద్దాలు కూడా ఉన్నాయని చెప్పారు. ఆ చుక్కలను సొంతంగా మొదలుపెట్టడం, ఉన్నట్టుండి మానేయడం రెండూ తప్పే. వాటితో పాటు రోజూ సాయంత్రం గంటన్నర ఆట, పుస్తకానికీ కంటికీ మధ్య మోచేతి నుంచి పిడికిలి దాకా ఉండే దూరం, ఇరవై నిమిషాలకోసారి తలెత్తి కిటికీ బయటికి చూడడం అలవాటు చేశాము. గత ఏడాదిలో 0.25 మాత్రమే పెరిగింది. వయసు పెరిగే కొద్దీ వేగం దానంతటదే తగ్గుతుంది కాబట్టి ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. నీలికాంతిని అడ్డుకుంటాయని అమ్మే అద్దాలకు మాత్రం నేను అదనంగా పెట్టిన డబ్బు వృథా అయింది, అవి కంటి అలసటను తగ్గిస్తున్నట్లు వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్షలోనూ తేలలేదు.

పెద్దయ్యాక లేజర్ చేయిస్తే సరిపోతుంది కదా అని మా బంధువులు చాలామంది అన్నారు. లేజర్ నల్లగుడ్డు ఆకారాన్ని మార్చి జోడు తీయిస్తుంది గాని, సాగిన కనుగుడ్డు అలాగే ఉంటుంది. మైనస్ 6 దాటినవారికి రెటీనా ఊడిపోవడం, నీటికాసులు (గ్లాకోమా) వంటి ముప్పు ఆపరేషన్ తర్వాతా పోదు. అందుచేత ఇప్పుడు ఆపగలిగిన ప్రతి అర పవర్ విలువైనదే.

2023లో తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకమైన కంటి వెలుగు రెండో విడత శిబిరం మా అత్తగారి ఊళ్లో పెట్టినప్పుడు ఆవిడ జీవితంలో మొదటిసారి కంటి పరీక్ష చేయించుకున్నారు. సూదిలో దారం ఎక్కకపోవడాన్ని అంతవరకు వయసు ఖాతాలో వేసి ఊరుకున్న ఆవిడకు చత్వారం అద్దాలు ఇచ్చారు. ఇప్పుడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే పాప జోడును తుడిచి చేతికిచ్చేది ఆవిడే.

మీ అబ్బాయికి కంటి బిగువును సడలించే చుక్కలు వేసి చేసే పరీక్ష ఇంకా చేయించకపోతే తప్పక అడగండి. పిల్లల కళ్లు బిగబట్టి చూస్తాయి కనుక చుక్కలు లేకుండా చూస్తే పవర్ ఎక్కువగా కనబడవచ్చు. వీలున్నచోట కనుగుడ్డు పొడవును కూడా కొలిపించి, ఆ కాగితం దాచి, ఆరు నెలలకోసారి పోల్చి చూడండి. చుక్కల పరీక్ష రోజు టోపీ గాని, చలువ అద్దాలు గాని వెంట తీసుకెళ్లండి. చుక్కల ప్రభావం ఉన్నంతసేపు వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది, దగ్గరి అక్షరాలు మసకబారతాయి, కాబట్టి మర్నాడు బడిలో పరీక్ష లేని రోజును ఎంచుకోండి.