అనాన్ అంటే ఎప్పుడు?

చిరంజీవికి,

నీ అనువాదం అందింది. షేక్‌స్పియర్ నాలుగో హెన్రీ నాటకం మొదటి భాగంలోంచి లండన్ ఈస్ట్‌చీప్ వీధి మద్యం దుకాణం సీను ఎంచుకున్నావు. హాస్యం అంటే చాలామంది జంకుతారు, నువ్వు జంకలేదు. సంతోషం.

అయితే సర్వర్ కుర్రాడు ఫ్రాన్సిస్ దగ్గర తేడా కొట్టింది. వాడు పదేపదే అనే 'అనాన్, అనాన్, సర్'ని ప్రతిచోటా 'తక్షణమే, ప్రభూ' చేశావు. పుట్టుకను బట్టి అది తప్పు కాదు. పాత ఇంగ్లిషులో 'అనాన్' రెండు మాటలు, 'ఒకదానిలోకి' అని. ఒక్క ఊపున, వెంటనే అన్నమాట. కానీ వెంటనే వస్తానన్నవాళ్లు ఏ కాలంలో వెంటనే వచ్చారు? వినేవాళ్లు ఆ ఆలస్యాన్నీ కలిపి లెక్కేసుకున్నారు, మాట 'కాసేపట్లో'కి జారింది. 'సూన్'దీ, 'బై అండ్ బై'దీ ఇదే కథ. 1611 నాటి బైబిల్లో బాప్తిస్మమిచ్చు యోహాను తలను హేరోదియ కూతురు 'బై అండ్ బై' ఇమ్మంటుంది. తీరిగ్గా కాదు, ఇప్పటికిప్పుడే!

ఇక సీను చూడు. యువరాజు హాల్ ఫ్రాన్సిస్‌ను కబుర్లలో పెట్టి కదలనివ్వడు. పక్క గదిలోంచి హాల్ నేస్తం పాయిన్స్ కేకలేస్తుంటాడు. పాపం కుర్రాడు రాజకుమారుణ్ణి వదల్లేడు, గిరాకీనీ కాదనలేడు. చివరికి ఇద్దరూ ఒకేసారి పిలిస్తే ఎటు వెళ్లాలో తెలీక బిత్తరపోయి నిలబడతాడు. అక్కడ 'తక్షణమే, ప్రభూ' అంటే ఎవరు నవ్వుతారు? మన హోటళ్లలో సర్వర్లు అడుగు కదపకుండానే 'ఆఁ, వచ్చేశానండీ!' అంటారే, అది పెట్టి చదువు.

బాల్కనీ సీన్లో జూలియట్ కూడా దాది పిలిస్తే 'అనాన్' అంటుంది. ఆమెకు కదలడం ఇష్టం లేదు. అక్కడ విసుగూ గారాబమూ కలిసిన 'వస్తున్నానే' కావాలి. రెండు చోట్లా ఒకే తెలుగు మాట నప్పదు.

ఇంగ్లిషు మాట పాతదని తెలియగానే సంస్కృతం వైపు పరిగెత్తడం నీకే కాదు, మనవాళ్లలో చాలామందికి ఉన్న జబ్బు. ఇప్పుడు మనకు గంభీరంగా వినబడుతోంది గానీ, ఆ రోజు అది గ్లాసులు అందించే కుర్రాడి నోటి మాట.

వీలైతే పెద్ద లైబ్రరీలో ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు చూడు. 1884లో వెలువడిన దాని మొట్టమొదటి భాగంలోనే ఈ మాట ఉంది, ఏ కాలంలో ఎవరెలా వాడారో వరసగా ఇచ్చారు. అన్నట్టు, పాత కవితల కింద కనిపించే 'అనాన్' వేరు. అది గ్రీకు నుంచి వచ్చిన మాటకు పొట్టి రూపం, కవి పేరు తెలియదని.

ఫ్రాన్సిస్ మాటలు తిరగరాసి పంపు. అదే నాటకంలో హాల్ చుట్టూ తిరిగే లావుపాటి ఫాల్‌స్టాఫ్ తిట్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.