పిల్ల నోరిప్పినంక

హన్మకొండ

బిడ్డా,

మీ బడిల తొమ్మిదో తరగతి పిల్ల మణికట్టు కమిలి ఉన్నదని, ఫోన్ చూపియ్యకుంటే పదో తరగతి పిలగాడు మెలిపెట్టిండని రాసినవు. రాత్రి నాకు నిద్ర పట్టలే.

"వానితోని ఎందుకు మాట్లాడినవ్?" అని మాత్రం అడగకు. 31 ఏండ్ల టీచర్ సర్వీసుల నేను ఒక పిల్లను ఒక్కసారి అట్ల అడిగిన, అదీ స్టాఫ్ రూంల అందరి ముందట. మాట ఇంటిదాకా పోయింది. ఆ వారమే బడి మానిపిచ్చిన్రు, ఎండకాలంల పెండ్లి చేసిన్రు. ఆమెకు 16 నిండలే. ఆ మొఖం ఇప్పటికీ యాదికొస్తది.

మన పిల్లలకు దెబ్బల కంటే ఇంట్ల తెలుస్తదనే భయమే పెద్దది. అందుకే ఒక్కదాన్నే పక్కకు కూసోబెట్టుకొని చెప్పనియ్యి. "ఎవ్వరికీ చెప్పను" అని మాటియ్యకు, నిలుపుకోలేవు. 18 నిండని పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే. దాస్తే ఆరు నెలల దాకా జైలు. "ఎవరికి చెప్పేదైనా ముందుగాల నీకు చెప్త" అను. అది నిలుపుకోవచ్చు.

హెడ్‌మాస్టర్‌కు అదే రోజు చెప్పు. సార్లు ముందు పిలగాని కులం అడుగుతరు, నువ్వు ఆ ముచ్చట్ల దిగకు. ఇద్దర్ని ఎదురెదురు నిలబెట్టి పంచాయితీ చేద్దాం, రాఖీ కట్టిద్దాం అంటే అస్సలు ఒప్పుకోకు. కొట్టినోని చేతికి దారం కట్టుమని పిల్లకు చెప్పుడు ఏం న్యాయం? ఫోటోలు బయట పెడ్తనని బెదిరిస్తుంటే మెసేజ్‌లు చెరపనియ్యకు, ఆడపిల్లల వేధింపులు చూసే పోలీసు జట్లు, షీ టీమ్స్‌కు చెప్పు. పిల్లల సాయానికి 1098 ఏ వేళైనా పనిచేస్తది.

తల్లికి చెప్పేటప్పుడు ఇంటికి నువ్వే పో. "బడి మానిపియ్యను" అని ఆమె తోని మాట తీసుకున్నంకనే లే.

పిలగాన్ని తన్నిపిస్తే పని అయిపోదు. వాన్ని వేరుగ కూసోబెట్టి మాట్లాడు, అనుమానాన్ని ప్రేమ అనుకుంటున్నడేమో చూడు. 2008 డిసెంబర్‌ల మన వరంగల్‌ల ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లల మీద యాసిడ్ పోసిన్రు, ఒకామె బతకలే. అప్పటిసంది, వెంటపడుడును "వయసు చేష్ట" అని ఎవరన్నా తీసేస్తే నేను ఊరుకోలే.

రేపు ఆ పిల్ల బస్సు దిగే యాళ్లకు గేటు కాడ ఉండు. ఏం అడగకు, నువ్వు కనవడితే చాలు.

నీ మేనత్త