డిసెంబరు మొదట్లో ఆల్ప్స్: శిఖరం కాదు, పిల్లలు స్కీయింగ్ నేర్చుకునే వాలు ఎంత ఎత్తులో ఉందో చూడండి

మ్యూనిక్ నుంచి కారులో, ఇద్దరు పిల్లలతో, డిసెంబరు మొదటి వారంలో వెళ్తున్నామని, ఇంట్లో ఎవరికీ స్కీయింగ్ రాదని, ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్ బాగుంటుందా అని అడిగారు. ఆ వారానికైతే వద్దండీ. ఊరు అందంగా ఉంటుంది, కాదనను. కానీ అది ఉన్నది 762 మీటర్ల ఎత్తులోనే, డిసెంబరు మొదట్లో అంత కింద మంచు ఉంటుందన్న నమ్మకం లేదు. జనవరిలో అక్కడ హానెన్‌కామ్ స్కీ రేసులు టీవీలో చూసి అందరూ ముచ్చటపడతారు. అది జనవరి సంగతి. నా మాట వింటే ఆస్ట్రియాలోనే ఇంకా ఎత్తున ఉన్న స్టుబాయ్ గ్లేసియర్‌కి వెళ్లండి, లేదంటే ఓబర్‌గుర్గ్‌ల్‌కి.

ఇంత గట్టిగా చెప్పడానికి మా బావగారే కారణం. ఆయన ఏది కొన్నా అంకె పెద్దదై ఉండాలి. ఫోన్ కొంటే మెగాపిక్సెల్స్, ఫ్లాట్ కొంటే చదరపు అడుగులు. స్కీయింగ్‌కి ఊరు చూసే పని ఆయన మీద పడేసరికి, ఎక్కడ ఎక్కువ కిలోమీటర్ల వాలులు ఉంటే అక్కడ హోటల్ బుక్ చేసేశారు. "ఏమోయ్, ఈ రేటుకి ఇన్ని కిలోమీటర్లు ఇంకెక్కడ దొరుకుతాయి?" అని నాకే ఎదురు ప్రశ్న. ఊరి పేరు చెప్పను, పాపం వాళ్ల తప్పేం లేదు.

రాత్రి వానలో దిగాం. పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా పచ్చటి కొండ. దాని మీద పాపిడి తీసినట్టు పైనుంచి కిందికి ఒకే ఒక్క తెల్లటి చార. మిషన్లతో పోసిన మంచు అది, అంచుల్లో బురద కలిసి గోధుమరంగుకి తిరిగింది. పై లిఫ్టులు నడుస్తున్నాయి, అక్కడ మంచూ ఉంది. కానీ పైనున్న వాలులన్నీ ఎరుపు, నలుపు గుర్తులవే, అంటే స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లకే. నేర్చుకునేవాళ్ల వాలు మాత్రం కింద, కారు పార్కింగ్ పక్కన ఉంది. పిల్లల్ని పైకి తీసుకెళ్లే బెల్టు మీద టార్పాలిన్ కప్పి తాడుతో కట్టేశారు. అద్దె బూట్లు, హెల్మెట్లు వేసుకుని మా పిల్లలు అక్కడి బెంచీ మీద కూర్చున్నారు. "నాన్నా, మంచు ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది మా చిన్నది. బావగారు ఫోన్‌లో కొండ మీది వెబ్‌కెమెరా చూపిస్తూ పైన మైనస్ ఐదు ఉందని వాదిస్తున్నారు. "అయితే మీరు వెళ్లి పైనే పడుకోండి" అంది అక్క.

విషయం చాలా మామూలుది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద ఊళ్లో ఐదు డిగ్రీల వాన పడుతున్నప్పుడే పైన మంచు కురుస్తుంటుంది. మంచు మిషన్లు ఉన్నాయిగా అంటారు. అవి పనిచేయాలంటే సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందికి పోవాలి, గాలిలో తేమ ఉంటే ఇంకా చలి కావాలి. దక్షిణం నుంచి ఫోయెన్ (Föhn) అనే వెచ్చటి గాలి వీచిందా, పోసిన మంచు కూడా కరిగిపోతుంది.

బ్రోషర్లలో శిఖరం ఎత్తునే పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ శిఖరంతో మీకేం పని? స్టుబాయ్‌లో మొదటిసారి స్కీలు కట్టేవాళ్లు నేర్చుకునేది గామ్స్‌గార్టెన్ స్టేషన్ దగ్గర, సుమారు 2,600 మీటర్ల ఎత్తులో. గొండోలాలో (తీగ మీద నడిచే క్యాబిన్) ఎక్కి, సాయంత్రం గొండోలాలోనే దిగిపోవచ్చు. ఓబర్‌గుర్గ్‌ల్‌లో ఊరే 1,930 మీటర్ల మీద ఉంది. హింటర్‌టుక్స్ అనే మరో గ్లేసియర్ మీద ఏడాది పొడవునా స్కీయింగ్ నడుస్తుంది కానీ కొత్తవాళ్లకి నేను చెప్పను. ఫ్రాన్స్‌లో వాల్ తోరాన్స్ ఊరు 2,300 మీటర్లు, మంచుకి ఢోకా లేదు. కానీ మ్యూనిక్ నుంచి పిల్లలతో అంత డ్రైవింగ్ ఎందుకు? స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ అంటారా, పర్సు చూసుకుని వెళ్లండి.

ఎత్తు మీద ఒక ఇబ్బంది ఉంది. అక్కడ చెట్లుండవు. మబ్బు దిగితే నేలా ఆకాశం ఒకటే తెలుపు, వాలు ఎటుందో కూడా తెలియదు. అలాంటి రోజు మొండికేయకుండా లోపల కూర్చుని హాట్ చాక్లెట్ తాగండి. పిల్లలకి తలనొప్పి రాకుండా నీళ్లు తాగిస్తూ ఉండండి.

తిండి సంగతి ఎవరూ చెప్పరు. శాకాహారులైతే కొండ మీది హోటళ్లలో ఫ్రిటాటెన్ సూప్ జోలికి పోకండి. చూడ్డానికి అట్టు ముక్కలే, రసం మాత్రం బీఫ్‌ది. చీజ్ వేసిన నూడుల్స్ లాంటి కేజ్‌ష్పెట్స్‌లె తినొచ్చు, బేకన్ వేయొద్దని ముందే చెప్పండి. లోపల ప్లమ్ జామ్, పైన గసగసాలు వేసి ఇచ్చే గెర్మ్‌క్నోడెల్ అనే మెత్తటి ఉండ మా పిల్లలకి ప్రాణం. ఏమీ తోచకపోతే ఆలూ ఫ్రైస్. పులిహోర డబ్బా బ్యాగులో పెట్టుకెళ్లినా ఎవరూ ఏమీ అనరు, బయట బెంచీ మీద తినండి.

డిసెంబరు 8 ఆస్ట్రియాలో, ఇటలీలో సెలవు. అది వారాంతానికి కలిసొస్తే లిఫ్టుల దగ్గర జనం, రోడ్ల మీద ట్రాఫిక్. ఆ తేదీ తప్పించి బుక్ చేయండి. కారుకి వింటర్ టైర్లు వేయించండి, ఆస్ట్రియా మోటర్‌వే టోల్ స్టిక్కర్ ముందే కొనండి. ఇన్స్‌బ్రుక్ దాటాక బ్రెన్నర్ మోటర్‌వే ఎక్కితే టోల్ వేరే, ఆ స్టిక్కర్ అక్కడ చెల్లదు.