గిల్డ్‌మేట్ ఇచ్చిన కత్తి డూప్ అని అనుమానం. ఉంచుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఆన్‌లైన్ గేమ్‌లో మీ గిల్డ్‌మేట్ (ఒకే జట్టులో ఆడే తోటి ఆటగాడు) ఒకరు అరుదైన కత్తి, కొంత గోల్డ్ ఊరికే ఇచ్చారు. అది డూప్, అంటే గేమ్‌లోని లోపాన్ని వాడి పుట్టించిన నకలు, అని మీ అనుమానం. కొన్నాళ్లకు ఆయన అకౌంట్ బ్యాన్ అయింది. మీరేమీ చీట్ చేయలేదు కాబట్టి ఉంచుకోవాలా, అమ్మేయాలా, పారేయాలా?

మూడూ వద్దు. తీసుకున్నప్పుడు తెలియదు కాబట్టి ఆ తప్పు మీది కాదు. అనుమానం వచ్చాక మీరు చేసేదానికి మాత్రం జవాబుదారీ మీరే. దాన్ని కదలకుండా పక్కన పెట్టి సపోర్ట్‌కి టికెట్ వేయండి. ఎలా వేయాలో కింద చెప్తాను. ముందు అది ఏ రకం సొమ్మో తేల్చుకోవాలి, ఎందుకంటే నష్టపోయేవాళ్లు ఒక్కో రకంలో ఒక్కొక్కరు.

డూప్ సాధారణంగా ఇలా పుడుతుంది. అవతలివాడు మీకు కత్తి ట్రేడ్ చేస్తాడు. సర్వర్ మీ క్యారెక్టర్‌ని సేవ్ చేస్తుంది. తనది సేవ్ అయ్యేలోపు వాడు కనెక్షన్ తెంచుకుంటాడు, లేదా సర్వర్నే పడగొడతాడు. మళ్లీ లాగిన్ అయితే వాడి క్యారెక్టర్ పాత సేవ్ నుంచి లేస్తుంది. ఇప్పుడు కత్తి మీ దగ్గరా ఉంది, వాడి దగ్గరా ఉంది. చాలా గేముల్లో విలువైన ఐటెమ్‌కి పుట్టినప్పుడే ఒక నంబరు పడుతుంది, అదే నంబరు రెండుచోట్ల కనిపిస్తే దొరికినట్టే. కానీ రెంటిలో ఏది అసలో నంబరు చెప్పదు. డయాబ్లో 2లో స్టోన్ ఆఫ్ జోర్డన్ ఉంగరం కరెన్సీలా చెలామణీ అయ్యేది, దాని నకళ్లు కుప్పలుగా తిరిగాయి. నకళ్లను తుడిచేసినప్పుడు, న్యాయంగా మార్పిడి చేసుకున్నవాళ్ల చేతిలోవీ పోయాయి.

‘ఎవరి వస్తువూ పోలేదు కదా, నష్టం ఎవరికి?’ అనే వాదన డూప్ విషయంలోనే ఎక్కువ వినిపిస్తుంది. అదే కత్తి కోసం రాత్రుళ్లు కూర్చుని ఆడినవాళ్లకి నష్టం. 2013 మేలో డయాబ్లో 3కి 1.0.8 ప్యాచ్ వచ్చినప్పుడు, ఆక్షన్ హౌస్‌లో (ఆటగాళ్లు అమ్ముకునే, కొనుక్కునే గేమ్‌లోని వేలం సంత) అమ్మకానికి పెట్టిన గోల్డ్‌ని రద్దు చేసుకుంటే పెట్టినదానికన్నా ఎక్కువ తిరిగొచ్చే బగ్ పడింది. గంటల్లోనే గోల్డ్ వరదలా పారింది. గేమ్ కంపెనీ బ్లిజార్డ్ ఆక్షన్ హౌస్‌లు మూసి, దుర్వినియోగం చేసిన అకౌంట్లను పట్టుకుంది. అందరి ఆటనీ పాత స్థితికి వెనక్కి తిప్పకుండా, ఆ అకౌంట్లు చేసిన అమ్మకాల మీద వచ్చిన డబ్బుని పిల్లల ఆసుపత్రుల సేవాసంస్థకి ఇచ్చేసింది.

దొంగిలించిన ఐటెమ్ కథ వేరు, అక్కడ ఒక మనిషి నిజంగా పోగొట్టుకున్నాడు. స్టీమ్ అనే గేమ్ స్టోర్‌లో నెలకి దాదాపు 77,000 అకౌంట్లు హైజాక్ అవుతున్నాయని 2015 డిసెంబరులో దాన్ని నడిపే వాల్వ్ కంపెనీ చెప్పింది. అంతకుముందు సొమ్ము పోయినవాళ్లకి కొత్త నకలు చేసి ఇచ్చేవాళ్లు, ఎందుకంటే అసలుది అప్పటికే ఏ పాపం తెలియని పదిమంది చేతులు మారి ఉండేది. నకళ్లు పెరిగేకొద్దీ అందరి ఐటెమ్‌ల విలువా పడిపోయేది, ఆ తర్వాత తిరిగి ఇవ్వడమే మానేశారు. 2025 జులై నుంచి కౌంటర్ స్ట్రైక్ 2లో ట్రేడ్ అయిన ఐటెమ్‌ని 7 రోజుల్లోపు వెనక్కి లాక్కోవచ్చు. ఈ వెసులుబాటుతో మోసాలూ మొదలయ్యాయి: 7 రోజులు గడవకముందే బయట డబ్బు కట్టారంటే కొన్న స్కిన్ (ఆయుధానికి వేసే అలంకరణ) వెనక్కి పోతుంది, డబ్బు తిరిగిరాదు.

‘గేమ్ వస్తువు దొంగతనమేంటి’ అని నవ్వేవాళ్లకి నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు 2012లోనే సమాధానం చెప్పింది. ఓ అబ్బాయిని కొట్టి, బెదిరించి, అతని రూన్‌స్కేప్ అకౌంట్‌లోని తాయెత్తు, మాస్కు లాక్కున్న కేసులో, అవి దొంగిలించదగ్గ వస్తువులేనని తేల్చింది.

మూడోది దొంగ కార్డుతో కొన్నది. కార్డు అసలు యజమాని బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే గేమ్ కంపెనీకి ఛార్జ్‌బ్యాక్ పడుతుంది, అంటే బ్యాంకు ఆ డబ్బుని కంపెనీ నుంచి వెనక్కి తీసుకుంటుంది. ఇది రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే ‘ఇన్నాళ్లు ఏమీ కాలేదు’ అన్నది ధీమా కాదు. 2019 అక్టోబరులో వాల్వ్ సీఎస్‌గో (కౌంటర్ స్ట్రైక్ 2కి ముందు వచ్చిన గేమ్) పెట్టెలు తెరిచే కీలను కొత్తగా కొన్నవాళ్లు ట్రేడ్ చేయకుండా ఆపింది ఈ దొంగ డబ్బు చెలామణీ వల్లే. స్టోర్ ధరలో సగానికే ఎవరైనా అమ్ముతుంటే ‘ఎందుకంత చవక’ అని అడగకుండా కొనడం అమాయకత్వం కిందకి రాదని నా అభిప్రాయం.

ఒక మినహాయింపు. ఈవ్ ఆన్‌లైన్‌లో తోటి ఆటగాణ్ని మాటలతో బురిడీ కొట్టించి ఓడలు కాజేయడం ఆటలో భాగమే, నిషేధం లేదు. అదే గేమ్‌లో బయట డబ్బుకి కొన్న ఐఎస్‌కేని (ఆ గేమ్ కరెన్సీ) కంపెనీ వెనక్కి లాగేస్తుంది, ఖర్చు పెట్టేసి ఉంటే వాలెట్ మైనస్‌లోకి పోతుంది. కాబట్టి మీ గేమ్ నిబంధనల్లో ‘ఎక్స్‌ప్లాయిట్’, ‘ట్రేడింగ్’ అన్న భాగాలు ఒకసారి చదవండి.

ఇక టికెట్. ముందు కత్తి వాడకం ఆపి స్టోరేజ్‌లో పెట్టండి. వివరాల విండోతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. సర్వర్ పేరు, ఇచ్చినవాళ్ల క్యారెక్టర్ పేరు, తేదీ, టైమ్‌జోన్‌తో సహా సమయం రాసుకోండి. సర్వర్ లాగ్‌లో (జరిగినవన్నీ నమోదయ్యే చిట్టా) వెతికేవాళ్లకి పనికొచ్చేవి ఇవే. టికెట్‌లో రెండు వాక్యాలు చాలు: ‘ఫలానా రోజు ఫలానా క్యారెక్టర్ నుంచి ఇవి వచ్చాయి. డూప్ అని అనుమానం, వాడకుండా ఉంచాను, ఏం చేయమంటారు?’ గోల్డ్ మీ సొంత గోల్డ్‌తో కలిసిపోయి ఉంటుంది, దాన్ని విడదీయలేరు. వచ్చిన మొత్తం ఎంత, అందులో ఖర్చయింది ఎంత అన్నది అంకెలతో రాసి, అంత బ్యాలెన్స్ తగ్గకుండా చూసుకోండి. కత్తికి మీ సొంత రాళ్లు పొదిగి ఉంటే ముందే ఊడదీయకండి, సారం పీల్చేసి పిప్పి అప్పజెప్పినట్టు కనిపిస్తుంది. అడిగి తీసుకోండి.

జనం ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. కంగారుపడి ఐటెమ్‌ని రెండో అకౌంట్‌కి పంపేస్తారు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి వ్యవహారం అది: లాగ్‌లో అది దాచిపెట్టినట్టే పడుతుంది, రెండు అకౌంట్లూ పోతాయి. కొందరు ‘నిజంగా బగ్గేనా’ అని తామే ఒకసారి చేసి చూస్తారు, ఆ ఒక్కసారే బ్యాన్‌కి చాలు. ఇచ్చినవాళ్లకే తిరిగి ఇవ్వడం మర్యాదగా కనిపిస్తుంది గానీ, నకలు మళ్లీ బజారులోకే పోతుంది.

ఆయన గిల్డ్ బ్యాంకులో కూడా ఏమైనా వేసి ఉంటే, దానికి గిల్డ్ లీడర్ విడిగా టికెట్ పెట్టాలి. చాలా గేముల్లో బ్యాంకు లాగ్‌లో పాత ఎంట్రీలు కొత్తవి వచ్చేకొద్దీ జారిపోతాయి. ఆ స్క్రీన్‌షాట్లు మాత్రం ఇవాళే తీసిపెట్టమనండి.