స్వాతికి, సంతకం పెట్టేముందు

అమ్మా స్వాతీ,

ఉద్యోగం పోయిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కొత్త ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను దాని జోలికి పోను. కాలిఫోర్నియాలో చాలా ఏళ్లు పేరోల్ (జీతాల లెక్కల) పని చేసినవాణ్ని కాబట్టి, వాడుకోకుండా మిగిలిపోయిన నీ సెలవుల డబ్బు గురించి మాత్రం రాస్తాను. మనవాళ్లకు ఇది చిన్న మొత్తం కాదు. ఇండియా ప్రయాణానికని పీటీఓ (జీతంతో ఇచ్చే సెలవు) అంతా దాచుకుంటాం కదా!

నువ్వు పనిచేసిందీ కాలిఫోర్నియాలోనే కాబట్టి, అక్కడి చట్టం ప్రకారం ఆ సెలవు నీ జీతమే. పనిచేసిన కొద్దీ కొంచెం కొంచెంగా నువ్వు సంపాదించుకున్నది. 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సువాస్తెజ్ కేసులో తేల్చిన మాట ఇది. అందుకే 'డిసెంబరులోగా వాడకపోతే పోయినట్టే' అనే రూలు కాలిఫోర్నియాలో చెల్లదు. ఇన్ని సెలవు గంటలు నిండాక కొత్తవి చేరవని కంపెనీ పరిమితి పెట్టుకోవచ్చు గానీ, చేరినవాటిని చెరిపెయ్యకూడదు. పాత పే స్టబ్‌లు (జీతం చీటీలు) తీసి, జనవరిలో నీ సెలవు గంటలు ఉన్నట్టుండి తగ్గాయేమో చూడు.

ఇక అసలు సంగతి. నీకు సెవరెన్స్ (ఉద్యోగం తీసేస్తూ కంపెనీ ఇచ్చే పరిహారం) కాగితం పంపి ఉంటారు. అందులో 'ఎనిమిది వారాల జీతం, మిగిలిన సెలవుల సొమ్ము' అని పక్కపక్కనే రాసి ఉండొచ్చు. చదివితే రెండూ సంతకం పెడితేనే వస్తాయన్నట్టు ఉంటుంది. నా దృష్టిలో అది తెలివితేటలు చూపించడమే. సెవరెన్స్ ఇమ్మని చట్టం చెప్పదు. అది ఇస్తున్నందుకు నీ చేత 'దావా వెయ్యను' అని రాయించుకోవచ్చు. సెలవుల డబ్బుకి అలాంటి షరతు కుదరదు. సంతకం పెట్టినా పెట్టకపోయినా ఇచ్చి తీరాలి, అదీ తీసేసిన రోజునే. కావాలని ఆలస్యం చేస్తే ప్రతి రోజుకీ ఒక రోజు జీతం చొప్పున, 30 రోజుల దాకా నీకే అదనంగా కట్టాలి. హెచ్ఆర్‌కి ఈ సంగతి తెలియదని మాత్రం అనుకోకు.

లెక్క నువ్వే వేసుకో. నీ జీతం ఏడాదికి 1,56,000 డాలర్లు అనుకుందాం. 2,080 గంటలతో భాగిస్తే గంటకి 75. 92 గంటలు మిగిలితే 6,900 డాలర్లు. ఆఖరి రోజున ఉన్న జీతం రేటుతోనే కట్టాలి, ఆ గంటలు చేరినప్పటి పాత రేటుతో కాదు. చేతికి తక్కువే వస్తుంది. ఫెడరల్ పన్ను కిందే సాధారణంగా 22 శాతం పట్టుకుంటారు, ఎక్కువ పట్టుకుంటే రిటర్న్ వేసినప్పుడు తిరిగొస్తుంది. దానికి టెన్షన్ పడకు.

సిక్ లీవ్ విడిగా ఉంటే దానికి డబ్బు రాదు. రెండూ కలిపి పీటీఓ అని ఇచ్చి ఉంటే మొత్తం వస్తుంది. 'అన్‌లిమిటెడ్' అన్న కంపెనీల్లో మామూలుగా ఖాతాలో ఏమీ చేరదు, కాబట్టి వచ్చేదీ ఉండదు. ఉద్యోగంలో చేరేటప్పుడు అందరికీ తెగ నచ్చే మాట అది.

మీ తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు కదా, ఇదంతా తనకీ వర్తిస్తుందని చెప్పకు. ఫెడరల్ చట్టం సెలవుల డబ్బు ఇమ్మనదు, రాష్ట్రానిదే నిర్ణయం. టెక్సస్‌లో కంపెనీ రాతపూర్వకంగా ఇస్తానని చెప్పి ఉంటేనే ఇవ్వాలి. తీసేస్తే ఆరు రోజుల్లో కట్టాలి. కట్టకపోతే టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌లో 180 రోజుల్లోపు క్లెయిమ్ వెయ్యాలి. హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ ఇప్పుడే దాచుకోమను.

హెచ్1బీ వీసా సంగతి ఒకటుంది. సెలవుల డబ్బు ఒక్కసారిగా ఇచ్చేస్తే ఉద్యోగంలో నీ ఆఖరి తేదీ పొడిగినట్టు కాదు, ఉద్యోగం పోయాక అమెరికాలో ఉండటానికి ఇచ్చే 60 రోజుల దాకా గడువు ఆ తేదీ మర్నాటి నుంచే నడుస్తుంది. పేరోల్‌లో ఇంకొన్నాళ్లు ఉంచుతామన్నారంటే ఆ లెక్క వేరు. ఏ తేదీ అన్నది కాగితం మీద రాయించుకుని లాయర్‌కి చూపించు.

లాగిన్ ఇంకా పనిచేస్తుంటే ఈ రాత్రే సెలవుల బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్, పే స్టబ్‌లు నీ సొంత ఈమెయిల్‌కి పంపుకో. డబ్బు తక్కువ పడితే ముందు హెచ్ఆర్‌కి మర్యాదగా మెయిల్ రాయి, అక్కడ తేలకపోతే కాలిఫోర్నియా లేబర్ కమిషనర్ ఆఫీసులో వేజ్ క్లెయిమ్ (జీతం బాకీ ఫిర్యాదు) వెయ్యొచ్చు. దానికి లాయర్ అక్కర్లేదు. సెవరెన్స్ కాగితం ఫోటో తీసి నాకూ పంపు, చదివి ఫోన్ చేస్తాను.

మీ బాబాయి